తొండి గెలుపు గెలుపేనా?

పోయిన వేసవిలో ఒక రాత్రి డల్లాస్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, మా కోచ్ నాకు ఊదా బెల్టు ఇస్తానంటున్నాడు. అక్టోబర్లో పోటీలున్నాయి. అవి అయ్యాక తీసుకుంటానని చెప్పనా?" అంది.

ప్రమోషన్ వద్దనేవాళ్ళు నాకు కొత్త కాదు. ఆఫీసరైతే పరాయి ఊరికి బదిలీ చేస్తారని, పిల్లల చదువులు చెడతాయని బ్యాంకులో క్లర్కులుగానే ఉండిపోయిన ఆడవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. వాళ్ళ ఇబ్బంది వేరు. ఈ పిల్లది వేరే లెక్క. నీలం బెల్టులో ఇప్పుడు తనని ఓడించేవాళ్ళు లేరు. ఇంకో పోటీ ఆగితే ఇంకో బంగారు పతకం ఖాయం. అదీ సంగతి.

తను నేర్చుకునేది బ్రెజిలియన్ జియు-జిత్సు. పేరు విని కంగారు పడకండి. జపాన్ జూడోలోంచి పుట్టిన విద్యే. 1914లో మయెదా అనే జూడో యోధుడు బ్రెజిల్ వెళ్ళాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ, తర్వాత ఆయన తమ్ముడు హేలియో దాన్ని తమ పద్ధతిలో మార్చి పెంచారు. ఇందులో గుద్దులుండవు, తన్నులుండవు. నేలమీద పట్టు పట్టి, కీలు మెలితిప్పో మెడ బిగించో ఎదుటివాళ్ళని కదలకుండా చెయ్యాలి. ఇక భరించలేననుకున్నవాళ్ళు చేత్తో తట్టి ఓటమి ఒప్పుకుంటారు. బలం తక్కువున్నవాళ్ళు కూడా ఒడుపుతో నెగ్గొచ్చు కాబట్టి ఆడపిల్లలకి పనికొచ్చే విద్యే.

పెద్దవాళ్ళకి బెల్టులు ఐదు. తెలుపు, నీలం, ఊదా, గోధుమరంగు, నలుపు. నల్ల బెల్టు దాకా రావడానికి మామూలుగా పదేళ్ళు పడుతుంది. ఎవరికి ఎప్పుడు ఏ బెల్టు ఇవ్వాలన్నది చాలామటుకు కోచ్ ఇష్టం. పోటీల్లో తెల్ల బెల్టు వాళ్ళు తెల్ల బెల్టు వాళ్ళతోనే, నీలం వాళ్ళు నీలం వాళ్ళతోనే తలపడతారు. అంటే బెల్టు నడుముకి అలంకారం కాదన్నమాట. అది తూకం రాయి. కిలో అని రాసున్న రాయి నిజంగా కిలో తూగుతుందన్న నమ్మకం మీదే బేరం నడుస్తుంది.

పై బెల్టుకి తగిన విద్య వచ్చినా కింది బెల్టులోనే ఉండి పతకాలు పోగేసుకోవడాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారట. గోల్ఫ్‌లో, పేకాటలో కూడా ఆ మాట ఉంది. మన పిల్లల భాషలో చెప్పాలంటే తొండి.

నాలుగేళ్ళ కిందట ఈ తొండికి మా పిల్లే బలైంది. నేర్చుకోవడం మొదలుపెట్టిన ఆరు నెలలకి మొదటి పోటీ. మూడు గంటలు కారు నడిపి తీసుకెళ్ళాడు మా బావ. అక్క పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. తెల్ల బెల్టుకి ఐదు నిమిషాల ఆట. అవతలి అమ్మాయిదీ తెల్ల బెల్టే గానీ చిన్నప్పటి నుంచీ జూడో చేసిన పిల్లట. నిమిషం తిరక్కుండా అయిపోయింది. పులిహోర డబ్బా మూత తియ్యకుండానే ఇంటికొచ్చింది. ఆ తర్వాత మూడు నెలలు మా పిల్ల ఆ క్లబ్బు గుమ్మం తొక్కలేదు. తనకి ఈ విద్య రాదనుకుంది. అవతలి పిల్ల సంగతి తర్వాతెప్పుడో తెలిసింది కాబట్టి సరిపోయింది. తెలియకపోతే? అలా మానేసినవాళ్ళని ఎవరు లెక్కపెడతారు?

ఈ దెబ్బ ఆడవాళ్ళకి ఇంకా గట్టిగా తగులుతుంది. మగవాళ్ళ విభాగంలో నలభై మంది ఉంటే వాళ్ళలో ఒకడు తొండి ఆడినా మిగతావాళ్ళలో చాలామందికి వాడు ఎదురే పడడు. ఆడపిల్లలు ఒక్కోసారి నలుగురే ఉంటారు. రెండు ఆటలు గెలిస్తే బంగారం. ఆ నలుగురిలో ఒకమ్మాయి తొండి ఆడితే ఆ రోజంతా పాడైనట్టే. ఈ విద్యలో ఆడవాళ్ళకి చోటు దొరకడమే ఆలస్యమైంది. బ్రెజిల్‌కి చెందిన యివోన్ డ్యువార్చీ 1990లో నల్ల బెల్టు అందుకున్న తొలి మహిళ. ప్రపంచ పోటీలు 1996లో మొదలైతే ఆడవాళ్ళకి ప్రవేశం 1998లో వచ్చింది. మొదట్లో వచ్చేవాళ్ళు తక్కువని రెండు మూడు బెల్టుల వాళ్ళని కలిపి ఆడించేవారు. బెల్టుకో విభాగం కావాలంటే చేరే అమ్మాయిలు పెరగాలి. కొత్తగా వచ్చిన పిల్లని మొదటి రోజే హడలగొట్టి పంపేస్తే ఎలా పెరుగుతారు?

కింది బెల్టులో ఉండిపోయిన ప్రతివాళ్ళనీ దొంగలనను. కాన్పుకి ఏడాది మానేసి మళ్ళీ వచ్చినవాళ్ళుంటారు, మోకాలు దెబ్బతిన్నవాళ్ళుంటారు. "నాకింకా రాదండీ, నేనేమిటి, ఊదా బెల్టేమిటి" అని నిజంగానే జంకేవాళ్ళూ ఉంటారు. మన ఆడవాళ్ళలో ఈ చివరి రకమే ఎక్కువని నా అనుమానం. జంకేవాళ్ళకి ధైర్యం చెప్పాలి, పతకం కోసం ఆగేవాళ్ళని ముందుకి నెట్టాలి. ఎవరేమిటో కోచ్‌కి తెలుస్తుంది. తెలిసీ కొందరు ఊరుకుంటారు. క్లబ్బు గోడకి వేలాడే పతకాలు చూసే కదా కొత్తవాళ్ళు చేరి ఫీజు కట్టేది!

అంతర్జాతీయ సమాఖ్య నియమాల్లో నీలం బెల్టులో కనీసం రెండేళ్ళు, ఊదాలో ఏడాదిన్నర, గోధుమరంగులో ఏడాది ఉండాలని ఉంది. పందొమ్మిదేళ్ళు నిండకుండా నల్ల బెల్టు ఇవ్వరు. తొందరపడి పైకి ఎక్కకుండా కాపలా బాగానే పెట్టారు. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కకుండా కూర్చుంటే మాత్రం అడిగే నియమం లేదు. ఇన్నేళ్ళకి మించి ఒక బెల్టులో ఉండకూడదని చెప్పలేం, ఎవరి కష్టాలు వాళ్ళవి. కానీ ఒక బెల్టులో రెండు పెద్ద పోటీలు గెలిచినవాళ్ళని మళ్ళీ అదే విభాగంలో ఆడనివ్వకపోతే ఎవరికి నష్టం? నాకైతే ఎవరూ కనబడటం లేదు.

ఆ మాటకొస్తే మనకీ ఈ తొండి తెలియనిదేం కాదు. బడిలో వేసేటప్పుడు పుట్టినతేదీ మార్పించి, పద్నాలుగేళ్ళ లోపు జట్టులో పదహారేళ్ళవాణ్ణి ఆడించే తండ్రులు మన ఊళ్ళల్లోనూ ఉన్నారు. అలాంటివాళ్ళు ఎక్కువయ్యే క్రికెట్ పిల్లలకి ఎముకల పరీక్షలు పెట్టాల్సొచ్చింది. వీధిలో ఆడుకునే పిల్లలు నయం. మరీ చిన్నదాన్ని ఆటలో అరటిపండు అని చేర్చుకుని ఔట్ చెయ్యకుండా కాపాడతారు. పెద్దవాడొచ్చి చిన్నపిల్లల ఆటలో గెలిస్తే "సిగ్గులేదూ?" అని మొహం మీదే అడుగుతారు.

ఇవన్నీ ఆ రాత్రి ఫోన్లో చెప్పలేదు. "నువ్వు మొదటిసారి ఓడిపోయిన రోజు గుర్తుందా?" అని మాత్రం అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అమ్మాయి నాలా ఆలోచించే ఆగిపోయి ఉంటుందా పిన్నీ?" అంది. ఉండొచ్చన్నాను. తొండి ఆడేవాళ్ళందరూ దుర్మార్గులేం కాదు. ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకునే మామూలు పిల్లలే.

మా అక్కకి కోపమొచ్చింది. "పిల్లకి ఇంకో మెడల్ వస్తే నీకేం పోయింది?" అని వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తల్లి మనసు అలాగే ఉంటుంది, కాదనను. కానీ ఆ రోజు పులిహోర డబ్బా మూత తియ్యకుండా తిరిగొచ్చింది తనే కదా. ఈసారి అలా తిరిగెళ్ళేది ఇంకొకరి అక్క.

ఊదా బెల్టు కట్టుకునే అక్టోబర్ పోటీలకి వెళ్ళింది మా పిల్ల. మొదటి ఆటలోనే ఓడిపోయింది. నేను భయపడుతూనే ఫోన్ చేశాను. "ఏడు నిమిషాలూ నిలబడ్డాను పిన్నీ, పాయింట్ల మీద పోయింది. అవతలావిడ చాలా బాగా ఆడింది. ఆవిడది అసలు ఊదాయే" అని నవ్వింది. వెనకాల మా అక్క గొంతు వినబడుతోంది, చల్లారిపోతోంది, తినడానికి రమ్మని.