ఆ సీనరీలో మనుషులెక్కడ?

మోండా మార్కెట్ చుట్టుపక్కల సందుల్లో, పటాలు కట్టే దుకాణాల్లో ఒక బొమ్మ కనిపిస్తుంది. మీరూ చూసే ఉంటారు. చిన్న ఏరు, దాని మీద రాతి వంతెన, రెండు హంసలు, నాచు పట్టిన కప్పులతో రాతి ఇళ్లు, గోడల నిండా పాకిన గులాబీలు. మనుషులు మాత్రం ఉండరు. వెంకన్న పటానికీ మక్కా పటానికీ మధ్య వేలాడుతుంటుంది. ఇదే ఊరని ఒకసారి అడిగితే "ఊరు గీరు కాదు తమ్మీ, సీనరీ" అన్నాడు దుకాణదారు. మన యాత్రా రచనల మీద ఇంత సూటి విమర్శ నేనింకెక్కడా వినలేదు.

మంగలి షాపుల్లో, హోటళ్ల గోడల మీద ఈ బొమ్మను చూస్తూ పెరిగిన మనవాళ్లు ఇప్పుడు లండన్ నుంచి శని ఆదివారాల్లో కాట్స్‌వోల్డ్స్ పల్లెలకు వెళ్తున్నారు. వెళ్లనివ్వండి. నా గొడవంతా తిరిగొచ్చి రాసే రాతలతోనే. బైబరీ గురించి రాయడం మొదలుపెడితే చాలు, "కాలం ఆగిపోయిన ఊరు" అనే మాట దానంతటదే వచ్చేస్తుంది. ఆగింది కాలం కాదండీ, పని. కోల్న్ నది ఒడ్డున అందరూ ఫోటో తీసుకునే ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ల వరస 14వ శతాబ్దంలో మఠం వాళ్లు ఉన్ని దాచుకోవడానికి కట్టిన కొట్టం. 17వ శతాబ్దంలో దాన్ని నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు. నేసిన బట్టను పక్కనున్న మిల్లులో తొక్కించి, ఎదురుగా ఉన్న చిత్తడి నేలలో కొయ్యలకు బిగించి ఆరేసేవారు. అంటే మనం సెల్ఫీ దిగే ఆ పచ్చిక ఒకప్పుడు కార్ఖానా పెరడు. తర్వాత యంత్రాలొచ్చాయి, ఉన్ని పరిశ్రమ యార్క్‌షైర్ వైపు తరలిపోయింది. పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టుకునేంత డబ్బు లేక ఆ ఊళ్లు అలాగే ఉండిపోయాయి. వెనకొచ్చినవాళ్లు ఆ లేమికే అందమని పేరు పెట్టారు. ఇంగ్లండ్‌లోకెల్లా అందమైన ఊరు ఇదేనన్నాడని చెప్పే విలియం మోరిస్ కనీసం బట్టల మీద డిజైన్లు గీసినవాడు, పైగా సోషలిస్టు. ఆ అందం వెనక ఎవరి చేతులున్నాయో అతనికి తెలుసు. మనకేమైంది? పోచంపల్లి, సిరిసిల్ల నుంచి భీవండీకి, సూరత్‌కి బతకపోయిన నేతన్నల ఊళ్లవాళ్లం కదా! ఆ ఇళ్ల ముందు నిలబడితే మనకు మగ్గం గుర్తుకురాదు. కంప్యూటర్ వాల్‌పేపర్ గుర్తొస్తుంది.

సరే, ఇంగ్లండ్ సంగతి వదిలేద్దాం. సికింద్రాబాద్‌లో రాత్రి బండెక్కి అదే చూపుతో గోదావరికి పోతాం కదా, నాకు అసలు కోపం అక్కడ. పోచవరంలోనో రాజమండ్రి వైపునో బోటెక్కి పాపికొండలు చూసి, పేరంటాలపల్లిలో దిగి గుడికి వెళ్లి, ఒక వెదురు బొమ్మ బేరమాడి, కొల్లూరు ఇసుకలో వేసిన వెదురు గుడిసెలో ఒక రాత్రి పడుకుంటాం. వచ్చాక "కల్మషం తెలియని కొండ మనుషులు" అని రాస్తాం. ఆ కొండరెడ్లకు కల్మషం తెలుసో లేదో గానీ 45.72 మీటర్లంటే ఏంటో బాగా తెలుసు. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం అది. ఆ నీటి కింద ఇల్లు పోగొట్టుకునేవి లక్షకు పైగా కుటుంబాలు. 2014లో ముంపు మండలాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రంలోకి మార్చేశారు. 2021లో కాఫర్ డ్యామ్ వెనక నిలిచిన నీళ్లు దేవీపట్నం ఇళ్లలోకి వచ్చాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మనం "ప్రశాంతంగా పారే నది" అని రాసేది ఈ నది గురించే.

సెలవుల్లో తిరగడానికి పోయినా రాజకీయమేనా అని కొందరికి విసుగు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. వరదలో ఉన్న నది మీదికి సెలవు సరదాకి వెళ్లినవాళ్లే అందులో ఉన్నారు. దాదాపు యాభై మంది పోయారు. బతికిన ఇరవై చిల్లర మందిని నాటుపడవలేసుకుని వచ్చి ఒడ్డుకు లాగింది తూటుగుంట వాళ్లు. మన ఫోటోల్లో దూరంగా, చుక్కల్లా కనపడే మనుషులే వాళ్లు. వాళ్ల ఊరు కూడా ముంపు ప్రాంతంలోదే. ఆ తర్వాత వచ్చిన యాత్రా వ్యాసాల్లో ఆ ఊరి పేరు ఎన్నిట్లో ఉందో చూడండి.

మోండా మార్కెట్‌ని ఎవరూ సీనరీ అనరు. ఎందుకంటే అక్కడ కాసేపు ఆగి చూద్దామన్నా కుదరదు. తెల్లారకముందే లారీలు దిగుతుంటాయి, బస్తా మోస్తున్న హమాలీ "జరుగు జరుగు" అంటే ఎంతటి కవైనా జరగాల్సిందే. పల్లెలోనూ పని జరిగే వేళకు పోతే మనల్ని అలాగే పక్కకు జరగమంటారు. మనం పోయేది ఆ వేళకు కాదు. ఇక బోటువాళ్లు ఆగేది ఎలాగూ గుడి దగ్గరే.

అందాన్ని చూడొద్దని నేననను. పాపికొండల మధ్య గోదావరి ఇరుకైనప్పుడు నోట మాట రాదు, నిజం. కానీ అంతటితో ఆపేసి దాన్ని వ్యాసమని పత్రికకు పంపితే, ఆ పత్రిక ఎడిటరైనా అడగాలి కదా: ఈ ఊళ్లో ఎవరుంటారు, ఏం చేసి బతుకుతారు, పరిహారం చేతికొచ్చిందా, పోడు భూమికి పట్టా ఉందా? ఈ నాలుగు ముక్కలు అడిగి తెలుసుకోవడానికి మహా అయితే గంట పడుతుంది. గుడిసెలో క్యాంప్‌ఫైర్ వేసుకున్నంతసేపు కూడా కాదు.

ఈసారి పాపికొండల టికెట్ తీసేవాళ్లు ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి. జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయిలో నిర్వాసితులకు కట్టిన కాలనీ ఉంది. బోటు అక్కర్లేదు, రోడ్డు మీదే పోవచ్చు. అక్కడికెళ్లి కూడా ఒక వ్యాసం రాయండి. నది మాత్రం కనపడదు.