తొలి గుర్రమును ఏ లాయమున కట్టవలెను?

ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ళను గురించి మన రైతులు ఎన్నో వ్యాసములు చదివియున్నారు. గుర్రమును గూర్చి వ్రాయుట కొందరికి వింతగా తోచవచ్చును. అయినను సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందు ఇది ఇప్పుడు వ్రాయదగిన విషయమే. భూముల ధరలు పెరిగి చేతిలో నాలుగు డబ్బులాడుచున్న ఇండ్లలో, కుమారుడు గుర్రము కావలెనని పట్టుపట్టుట నేను పలుచోట్ల చూచితిని. ఒకరు మార్వాడీ జాతి గుర్రమును కోరుదురు. మరియొకరు పందెములనుండి విరమించిన గుర్రము చవుకగా దొరికినదని తోలుకొని వత్తురు. కొన్న పిదపగాని ఇంటివద్ద దానికి చోటు లేదని తెలియదు. అప్పుడు నెలకింత అని రుసుము పుచ్చుకొని పరుల గుర్రములను పోషించు లాయమునకై వెదకుదురు.

ఈ వెదకులాటలో మనవారు గేటు చూచెదరు, గోడలకు వేసిన రంగు చూచెదరు, పైన తిరుగు పంకాలు లెక్కపెట్టెదరు. నీరు ఎక్కడిదని మాత్రము అడుగరు. మరియే ప్రాంతమందైనను ఇది చిన్న పొరపాటు. పటాన్‌చెరు చుట్టుప్రక్కల ఇది గుర్రము ప్రాణమునకే ముప్పు.

పోచారము, బాచుగూడెము, చిట్కుల్ రైతులకు నక్కవాగు సంగతి నేను చెప్పనక్కరలేదు. కార్ఖానాల వ్యర్థజలము పొలములను, బావులను చెరచినదని 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము పడినది. 2001లో ప్రకటించిన పరిశోధనలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థవారు ఈ పారిశ్రామికవాడ మట్టిలో క్రోమియము, ఆర్సెనిక్ వంటివి మితిమీరి ఉన్నట్లు చూపిరి. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు, సుమారు 90 ఔషధ కార్ఖానాల నీరు చేరు ఇక్కడి శుద్ధికేంద్రమునుండి బయటికి వచ్చు నీటిని పరీక్షించిరి. అందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు కనబడినది. ఆ మందు మింగిన రోగి రక్తములో ఉండుదానికంటె ఇది ఎక్కువ! అటు తరువాత శుద్ధి ఏర్పాట్లలో మార్పులు వచ్చినవి. ఇక్కడి ప్రతి బావియు చెడినదని నేను అనను. ఏ బావి మంచిదో కంటితో చూచి చెప్పలేమని మాత్రము అందును.

గుర్రమునకు దినమునకు 25 నుండి 40 లీటర్ల నీరు కావలెను. ఎండకాలమందు, పని చేసిన దినమందు ఇంకను ఎక్కువ. గుర్రము గడ్డిని అరగించుకొనునది పెద్దప్రేగులోని సూక్ష్మజీవుల సాయముననే. కొన్ని యాంటీబయాటిక్ మందులు వానిని చంపి, గుర్రమునకు విరేచనములు పట్టించి ప్రాణము మీదికి తెచ్చుట పశువైద్యులెరిగినదే. అదియుగాక గుర్రము వాంతి చేసుకొనలేదు. లోపలికి పోయిన చెడుగు ప్రేగులగుండ పోవలసినదే.

కనుక లాయమునకు పోగానే మొదట తొట్టి దగ్గరకు పొండు. బోరునీరైనచో పరీక్ష చీటీ చూపుమనుడు, దాని తేదీ చూడుడు. మామూలు పరీక్షలో ఉప్పు, ఫ్లోరైడు, నైట్రేటు వంటివే తేలును. భారలోహములకై వేరుగా అడిగి చేయించుకొనవలెను. ట్యాంకరునీరైనచో అది ఏ ఊరి బోరునుండి వచ్చుచున్నదో కనుగొనుడు. నేను చూచిన యొక లాయమున నేలకు నున్నని బండలు, గుర్రమునకొక పంకా, గోడపై చిత్రపటములు ఉన్నవి. నీటి సంగతి అడుగగా, “ట్యాంకరు వాడు తెచ్చునండి, ఎక్కడిదో తెలియదు” అని జవాబు. తొట్టి అంచున ఆకుపచ్చని పాచి. అక్కడి గుర్రము మూతి పెట్టి, త్రాగక తీసివేయుట నా కన్నులార చూచితిని.

మేత సంగతియు నీటి సంగతివంటిదే. తెల్లవారుజామున ఆటోలో దిగు పచ్చగడ్డి ఏ నీటితో పెరిగినది? హైదరాబాదు దిగువను మూసీ మురుగునీటితో పారాగడ్డి పెంచి పశువులకు అమ్ముట అందరెరిగినదే. 400 కిలోల గుర్రమునకు దినమునకు ఆరు నుండి ఎనిమిది కిలోల ఎండుమేత కావలెను. వట్టి వరిగడ్డితో దానిని నింపుట కడుపు మోసగించుటే. లేత జొన్నపైరులో విషముండునని మన రైతులకు ఆవుల వలన తెలియును. గుర్రములను జొన్న, సూడాన్ గడ్డి పొలములలో విడువక మేపినచో మూత్రాశయము, వెనుక కాళ్ళు చచ్చుబడు వ్యాధియు కలుగును. ఉలవలు మంచివే, కాని అలవాటులేని గుర్రమునకు ఒక్కసారిగా గంపెడు పెట్టినచో కడుపునొప్పియో, గిట్టల వాపో తప్పదు. కొట్టులోనికి పోయి గడ్డికట్ట విప్పి వాసన చూడుడు. నేలపై నున్న లద్దెను చూచుట నామోషీ కాదు. ఉండలుగా, చెమ్మగా, దుర్వాసన లేక ఉన్నచో లోపల పని సరిగా నడచుచున్నదనుకొనవచ్చును.

ఇక మనిషి సంగతి. దేశమున గుర్రములు 2012 పశుగణనలో 6 లక్షలకు పైగా ఉండగా, 2019 నాటికి 3 లక్షల 40 వేలకు తగ్గినవి. గుర్రములతోపాటు వానిని తెలిసిన సయీసులును, లాడములు కొట్టువారును అరుదైపోవుచున్నారు. మంచి సయీసు ఉన్న పాక, లేని మేడకంటె మేలు. ఆతనికి జీతము సరిగా ముట్టుచున్నదా, ఎన్ని గుర్రములు అప్పగించిరి, రాత్రి కడుపునొప్పి వచ్చినచో ఎవరికి ఫోను చేయును, ఆ డాక్టరు ఎంతసేపటికి రాగలడు? ఇవి యజమానినిగాక సయీసునే అడుగుడు.

మన పల్లెలలో దూడను సగపాలుకు పెంపకమునకిచ్చు ఆచారము కలదు. దూడ చచ్చినచో పెంచువానికిని నష్టమే గనుక వాడు జాగ్రత్తపడును. రుసుముకు కట్టిన గుర్రము అట్టిది కాదు. చిక్కినను బలిసినను నెల తిరుగగానే సొమ్ము ముట్టును. గడ్డిలో రెండు కిలోలు కోసినచో అదియు మిగులే. అందరును అట్లు చేయుదురని నా యభిప్రాయము కాదు. లోపము ఏర్పాటులోనే ఉన్నది. అందుచేత వేళకానివేళ పోయి చూచు హక్కును మొదటనే అడిగి పుచ్చుకొనుడు. దానికి ముఖము చిట్లించు లాయమును విడిచిపెట్టుడు. ఏడాది సొమ్ము ముందుగా కట్టకుడు.

గ్రామాధికారులకొక మాట. పెండ్లి ఊరేగింపులకు ఊరూర తిరుగు గుర్రములు, కొత్తగా కొని తెచ్చిన గుర్రములు ఒకే తొట్టివద్ద త్రాగుచున్నచో గ్లాండర్సు భయము కలదు. ముక్కునుండి చీము, చర్మముపై గడ్డలు, పుండ్లు దీని గుర్తులు. ఇది మనుష్యులకును అంటును. రోగము నిర్ధారణయైన గుర్రమును బ్రతుకనీయరు. ప్రభుత్వము చంపించి పరిహారమిచ్చును. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టము ప్రకారము అనుమానము కలిగిన యజమాని గ్రామాధికారికి గాని పంచాయతికి గాని తెలుపవలెను. అక్కడినుండి పశువైద్యునికి వ్రాతమూలముగా తెలియజేయుదురు. మీ గ్రామమున గుర్రములు కట్టు పాకలెన్ని, కొత్త గుర్రమును కొన్నాళ్ళు వేరుగా కట్టుచున్నారా, రక్తపరీక్ష చీటీ కలదా అని ఏడాదికొకమారైనను చూచుట మంచిది. ధనుర్వాతము టీకా మాట కూడ అప్పుడే అడుగవచ్చును.

పైన చెప్పిన పంకాల లాయములో గుర్రమును కట్టిన యువకుడు మూడవ నెలలో దానిని తీసివేసెను. ఇప్పుడది సదాశివపేట అవతల ఒక రైతు కొట్టములో, రెండు ఎడ్ల ప్రక్కన ఉన్నది. నీరు పరీక్షించిన సొంత బావిది, గడ్డి సొంత గట్టుమీదిది. పంకా లేదు, వేపచెట్టున్నది. యువకుడు ఆదివారము నలువది కిలోమీటర్లు పోయి రావలెనని విసుగుకొనుచుండును. రైతేమో, ఉలవల ధరకు ఈ రుసుము చాలదు, వచ్చే నెలనుండి పెంచవలెననుచున్నాడు. లెక్క చూచితిని, ఆతడు అడుగుట న్యాయమే.