మాంగనీసు మనది, బ్యాటరీ ఎవరిది?

పెట్రోలు బండి వెనక్కి తగ్గుతోంది, కరెంటు బండి ముందుకొస్తోంది. దీనికోసం కేంద్రం 2015లో ఫేమ్ పథకం తెచ్చింది, 2019లో రెండో విడత, 2024లో రూ.10,900 కోట్లతో పీఎం ఈ-డ్రైవ్. రాష్ట్రం 2018లో ఒక పాలసీ, 2024లో మరో పాలసీ ప్రకటించింది. కాగితాలకు కరువు లేదు. మేం అడిగేది ఒకటే. ఇందులో విజయనగరం వాటా ఏది?

కార్ల ఫ్యాక్టరీ మాట మనకు కొత్త కాదు. 2005లో ఫోక్స్‌వ్యాగన్ విశాఖకు వచ్చేస్తోందని ఊదరగొట్టారు. అప్పటి భారీ పరిశ్రమల మంత్రి మన జిల్లా వారే. వశిష్ట వాహన్ అనే కంపెనీకి ఖజానా నుంచి రూ.11 కోట్ల పైచిలుకు చెల్లించారు. తీరా చూస్తే దానితో తమకు సంబంధమే లేదని ఫోక్స్‌వ్యాగన్ చెప్పేసింది. వ్యవహారం సీబీఐ దాకా వెళ్లింది. కార్లు మాత్రం పుణె దగ్గర చాకణ్‌లో 2009 నుంచి తయారవుతున్నాయి. మన కుర్రాళ్లకు మిగిలినవి పేపరు కటింగులు!

2019లో కియా అనంతపురం జిల్లా పెనుకొండలో ఉత్పత్తి మొదలెట్టింది. దానికి మాకు ఏడుపు లేదు, కరువు సీమకు ఫ్యాక్టరీ రావాల్సిందే. చిత్తూరు జిల్లాలో పుట్టిన అమర రాజా తన బ్యాటరీ గిగా ఫ్యాక్టరీకి 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో శంకుస్థాపన చేసింది. సీమకు వచ్చింది, తెలంగాణకు వచ్చింది. మనకెప్పుడు బాబూ?

అడగడానికి మనకు హక్కుంది. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది మన గడ్డ మీదే, 1892లో. కోడూరు రాతికి దొరలు ‘కోడురైట్’ అని ఊరి పేరే పెట్టారు. పేరు ఊరికి, ఖనిజం ఓడకి! 1950ల్లో గరివిడికి ఫేకర్ వచ్చాకే ఇక్కడి ఖనిజానికి ఇక్కడే కొలిమి దొరికింది. ఇప్పుడు అదే మాంగనీసు నికెల్, కోబాల్టుతో కలిసి కార్ల బ్యాటరీల్లోకి పోతోంది.

అన్ని బ్యాటరీల్లోనూ మాంగనీసు ఉండదు, ఎల్ఎఫ్‌పీ రకంలో ఇనుము, ఫాస్ఫేటు వాడతారు. పైగా మన ఖనిజంలో ఫాస్ఫరస్ ఎక్కువ. బ్యాటరీకి కావలసింది బాగా శుద్ధి చేసిన మాంగనీసు సల్ఫేటు. అంటే తవ్వి లారీకెత్తితే చాలదు, శుద్ధి చేసే ఫ్యాక్టరీ కావాలి. ఉద్యోగాలు ఉండేది అక్కడే. గోతులు మనకి, ఫ్యాక్టరీ ఇంకొకరికి అంటే మళ్లీ 1892కే పోయినట్టు.

ఇంకో సంగతి. కరెంటు బండికి కార్బురేటరు లేదు, సైలెన్సరు లేదు, ఇంజనాయిలు మార్చే పనే లేదు. రోడ్డు పక్క షెడ్డులో పానా పట్టుకుని బతికే మెకానిక్ తమ్ముడు రేపేం చెయ్యాలి? మోటారు, కంట్రోలరు, బ్యాటరీ రిపేరు నేర్పే కోర్సు ప్రతి ఐటీఐలో పెట్టాలి. జేఎన్‌టీయూ గురజాడలో బ్యాటరీ ఖనిజాల మీద పరిశోధనకు నిధులివ్వాలి. శుద్ధి ఫ్యాక్టరీకి గరివిడి, చీపురుపల్లి ప్రాంతాన్నే ముందుగా చూడాలి. విద్యార్థులు, ఉద్యోగులు ఈ మూడు డిమాండ్లు రాసుకుని మన ఎంపీనీ ఎమ్మెల్యేలనీ కలవండి. నోటిమాట తీసుకోవద్దు, రాతపూర్వకంగా జవాబు అడగండి.