బీచ్‌లో ఒక రోజు: ప్లాన్‌లో సముద్రం ఏదీ?

"అక్కా, శనివారం పొద్దున దిగుతున్నాం. ఆరుగురం. వైజాగ్ బీచ్ ప్లాన్ చెప్పవా?"

వైజాగ్‌లో ఉంటున్నవాళ్ల ఫోన్‌కి ఈ మెసేజ్ రాని నెల ఉండదు. ఈసారి పంపింది హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్న మా పిన్ని కొడుకు. "ముందు మీరు వేసుకున్నది పంపరా, చూస్తాను" అన్నాను. రెండు నిమిషాల్లో వచ్చేసింది. రానూపోనూ ట్రెయిన్ టికెట్లు, రూమ్, బిర్యానీ ఎక్కడ తినాలి, రీల్స్‌కి ఏడు స్పాట్లు, ఏ స్పాట్‌లో ఏ షర్టు... అన్నీ ఉన్నాయి. మధ్యలో ఒక లైను: "10.30 నుంచి 1.30, బీచ్‌లో ఎంజాయ్".

రోజు మొత్తంలో నిజంగా ప్రమాదం ఉన్నది ఆ మూడు గంటలే. వాటికి మాత్రం ప్లాన్ లేదు. షర్టుకి ఉంది, సముద్రానికి లేదు.

వీళ్లొక్కళ్లే కాదు, దాదాపు అన్ని గ్యాంగులూ ఇంతే. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా ఉన్న తీరం ఒక పెద్ద పార్కు లాంటిది. గేటు లేదు, టికెట్ లేదు. అదే దాని అందం. కానీ గేటు లేనిచోట "ఈ రోజు క్లోజ్, రేపు రండి" అని చెప్పేవాళ్లూ ఉండరు. ఆ మాట మనకి మనమే చెప్పుకోవాలి. అందుకే ఈ వారం బీచ్ రోజుని గంటల లెక్కన వేసుకుందాం.

పొద్దున: అలారం ముఖ్యం

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, ఊరి వెనక్కి వెళ్లిపోతాడు. "ఆర్కే బీచ్‌లో సన్‌సెట్ రీల్" అనుకుని వచ్చినవాళ్లకి చివరికి దొరికేది అపార్ట్‌మెంట్ల వెనక కాస్త ఎర్రటి ఆకాశం. చూడాల్సింది సూర్యోదయం.

ఇంకో లెక్క. వైజాగ్‌లో హైదరాబాద్ కంటే సుమారు 20 నిమిషాల ముందే తెల్లారుతుంది. జూన్‌లో 5.20 ప్రాంతంలోనే సూర్యుడు పైకొచ్చేస్తాడు. డిసెంబర్ చివర్లో అయితే 6.20 దాటాక. రైల్వేస్టేషన్ నుంచి ఆర్కే బీచ్ నాలుగైదు కిలోమీటర్లే. రాత్రి ట్రెయిన్‌లో వచ్చి పొద్దున్నే దిగేవాళ్లు రూమ్‌కి కాకుండా ముందు బీచ్‌కే వెళ్లొచ్చు.

ఆ టైమ్‌లో బీచ్ ఊరివాళ్లది. వాకింగ్ చేసే పెద్దవాళ్లు, రన్నింగ్ చేసే కుర్రాళ్లు, వాలీబాల్ బ్యాచ్‌లు, వల సర్దుకుంటున్న జాలర్లు. ఫొటోలకి వెలుతురు మెత్తగా ఉంటుంది, కాలికింద ఇసుక చల్లగా ఉంటుంది. ఫ్రిస్బీ, కబడ్డీ, ఇసుకలో రన్నింగ్ రేస్... ఒళ్లు అలిసిపోయే ఆటలన్నీ ఇప్పుడే పెట్టుకోండి. ఎండెక్కాక ఓపిక ఉండదు.

ఎండెక్కాక: నీడ, కథలు

పదిన్నర నుంచి మూడున్నర దాకా ఇసుకలో ఉండటం దండగ. నెత్తిన ఎండ, కాళ్ల కింద వేడి, నోట్లో ఉప్పు. మామూలుగా గ్యాంగులన్నీ నీళ్లలోకి దిగేది ఈ టైమ్‌లోనే, చల్లగా ఉంటుందని. ఆ గంటల్ని రోడ్డు వైపుకి మార్చేయండి.

ఐఎన్ఎస్ కుర్సురా అక్కడే ఉంది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో మన నేవీలో చేరిన జలాంతర్గామి. 1971 యుద్ధంలో పాల్గొంది, 2001లో రిటైరైంది, 2002లో ఇసుక మీదికి చేరి మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. ఆ సన్నటి గొట్టంలో 70 మందికి పైగా నెలల తరబడి ఎలా బతికారో లోపల నడిస్తేనే తెలుస్తుంది. హాస్టల్ రూమ్ ఇరుగ్గా ఉందని ఇంకెప్పుడూ అనరు. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం ఉంది. నేవీలో 29 ఏళ్లు సముద్రాన్ని కాపలా కాసి, 2017లో రిటైరై, అదే ఏడాది మ్యూజియంగా మారింది. దగ్గర్లోనే 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం.

కుర్సురాకి సోమవారం సెలవు. మిగతా రోజుల్లో కూడా ఏ టైమ్‌కి తెరుస్తారో ముందురోజే చూసుకోండి. దాన్ని బట్టి భోజనం ముందా, మ్యూజియం ముందా అన్నది తేలిపోతుంది.

నీళ్లు: ఇక్కడ మాత్రం నో మూడ్, ఓన్లీ ప్లాన్

అసలు విషయానికి వద్దాం. ఆర్కే బీచ్‌లో స్నానం ప్రమాదమని హెచ్చరిక బోర్డులు ఎన్నేళ్లుగానో ఉన్నాయి. అయినా విహారానికి వచ్చి కొట్టుకుపోయిన విద్యార్థుల వార్త ఏటా చదువుతూనే ఉన్నాం. వాళ్లందరూ దూకుడు మనుషులేం కాదు. మోకాలి లోతులో నిలబడి సెల్ఫీ దిగుతున్నవాళ్లూ ఉన్నారు.

కారణం ఎక్కువగా రిప్ కరెంట్. కెరటాలు ఒడ్డుకి తెచ్చిన నీళ్లు మళ్లీ వెనక్కి పోవాలి కదా? అవన్నీ ఒకచోట చేరి, సన్నటి కాలవలా లోపలికి పరిగెడతాయి. అదే రిప్. అది మనిషిని కిందికి ముంచదు, ఒడ్డు నుంచి దూరంగా లాగుతుంది. బలమైన రిప్ వేగం సెకనుకి రెండు మీటర్లు దాటుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీది గెలవలేడు. కాలేజీ స్విమ్మింగ్ పూల్‌లో మనం కొట్టిన ల్యాపులు అక్కడ లెక్కలోకి రావు.

మోసం ఎక్కడుందంటే, రిప్ ఉన్నచోటే సముద్రం శాంతంగా కనిపిస్తుంది. రెండు వైపులా తెల్లగా నురగ, మధ్యలో కెరటాలు విరగని చోటు, రంగు కాస్త ముదురు, కొన్నిసార్లు నురగో బురదో లోపలికి పోతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు "ఇక్కడ అలలు తక్కువున్నాయిరా" అని సరిగ్గా అక్కడే దిగుతారు. అందుకే నీళ్లు తాకే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. కాస్త ఎత్తు మీంచి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కెరటాలు గుంపులుగా వస్తాయి. నాలుగు చిన్నవి చూసి ధైర్యం తెచ్చుకుంటే, అయిదోది వచ్చి నడుం దాకా ముంచుతుంది.

నీళ్లలో ఆడుకోవాలని అంతగా ఉంటే రుషికొండకి వెళ్లండి. ఆర్కే నుంచి తీరం వెంటే పది కిలోమీటర్లు పైనే ఉంటుంది. 2020లో దేశంలో మొదటిసారి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి. ఆ గుర్తింపుకి లైఫ్‌గార్డులు ఉండాలి, నీటి నాణ్యత పరీక్షలు జరగాలి. అలాగని అక్కడి సముద్రం వేరే సముద్రం కాదు. లైఫ్‌గార్డు కనిపించే చోటే దిగండి. విజిల్ వేస్తే "ఏంటన్నా, కొంచెమే కదా" అనకుండా బయటికి వచ్చేయండి. ఆ విజిల్ అన్న రోజూ ఆ నీళ్లు చూస్తాడు, మనం ఏడాదికొకసారి చూస్తాం.

బయల్దేరే ముందు ఇన్‌కాయిస్ సమాచారం చూడండి. దేశంలో సముద్రం ఎలా ఉండబోతోందో అంచనా వేసే కేంద్ర సంస్థ అది. తమాషా ఏంటంటే, అది ఉన్నది మన హైదరాబాద్‌లోనే. ఎత్తయిన అలల హెచ్చరికలు వాళ్లే ఇస్తారు. 'సముద్ర' అనే యాప్ కూడా ఉంది. అల్పపీడనం అని వార్తల్లో విన్నారంటే ఆ రోజు ప్లాన్‌లోంచి నీళ్లు తీసేయడమే. 2020 అక్టోబర్‌లో వాయుగుండం పడినప్పుడు ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల పక్కన ఇరుక్కుపోయింది. అంత ఓడనే సముద్రం ఒడ్డుకి తోసేస్తే, అరవై కేజీల మనమెంత?

ఆ రాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. రీల్స్‌కి అందరికీ ఇష్టమైన చోటు అది. పాచి పట్టిన రాయి, సముద్రానికి వీపు, చేతిలో ఫోన్... ఈ మూడూ ఒక్కసారి కలవకూడదు. తడిసి నల్లగా ఉన్న రాయి అంటే, అక్కడిదాకా కెరటం వస్తోందని అర్థం. పొడి రాయి మీదే ఆగిపోండి.

మందు తాగినవాళ్లు నీళ్ల దగ్గరికి రాకూడదు. ఈ మాట ఎవరు చెప్పాలి అన్నది అక్కడికి వెళ్లాక తేలదు, ముందే తేల్చుకోవాలి.

ఒకవేళ లాగేస్తే

మీరే చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకండి. ఒళ్లు అలిసిపోయేది అక్కడే. వెల్లకిలా తేలండి, చెయ్యి పైకెత్తి పిలవండి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి. ఆ కాలవ సన్నం, దాటేశాక కెరటాలే ఒడ్డుకి తోస్తాయి. ఈత రాకపోతే తేలుతూ ఉండటమే పని.

ఫ్రెండ్ చిక్కుకుంటే మీరు దూకకండి. ఒకరి కోసం ఒకరు దిగి ఇద్దరు ముగ్గురు పోయిన వార్తలు మనకి కొత్త కాదు. ఖాళీ వాటర్ క్యాన్, ఫుట్‌బాల్, మూత బిగించిన పెద్ద బాటిళ్ల సంచి... తేలేది ఏదైనా విసరండి. ఒకరు లైఫ్‌గార్డు వైపో జాలర్ల వైపో పరిగెత్తాలి, ఒకరు 112కి ఫోన్ చేయాలి, ఒకరు మునుగుతున్న మనిషి మీంచి చూపు తిప్పకూడదు. బయటికి తెచ్చాక పొట్ట నొక్కడం, తలకిందులు చేసి తిప్పడం సినిమాల్లో వదిలేయండి. ఊపిరి లేకపోతే నోటి ద్వారా శ్వాస ఇస్తూ సీపీఆర్ మొదలుపెట్టాలి, 108 పిలవాలి. గ్యాంగులో ఒక్కరైనా సీపీఆర్ నేర్చుకుని ఉండటం పవర్‌బ్యాంక్ తెచ్చుకోవడం కంటే ముఖ్యం.

సాయంత్రం: కొండ, చందమామ, మురీ మిక్చర్

నాలుగు దాటాక తెన్నేటి పార్కు దగ్గర్నుంచి రోప్‌వేలో కైలాసగిరి ఎక్కండి. పొద్దున మీరు నిలబడ్డ తీరమంతా వంపు తిరిగి కింద కనిపిస్తుంది. కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగడం లేదో పైనుంచి చూస్తే ఇందాకటి రిప్ పాఠం మొత్తం అర్థమైపోతుంది.

చలికాలం అయిదున్నరకే పొద్దుగూకుతుంది. చీకటి పడ్డాక కాళ్లు తడుపుకోవడం కూడా వద్దు. ఇసుక మీద కూర్చోండి, చాలు. మురీ మిక్చర్, కాల్చిన మొక్కజొన్న పొత్తు, పిడత కింద పప్పు... ఆర్కే బీచ్ సాయంత్రానికి ఇంతకంటే ఖర్చు అక్కర్లేదు. తేదీ మీ చేతిలో ఉంటే పౌర్ణమి చూసుకుని రండి. ఇటు సూర్యుడు ఊరి వెనక దిగుతుంటే, అటు చందమామ నీళ్లలోంచి లేస్తాడు. పోగొట్టుకున్న సన్‌సెట్ రీల్‌కి అది వడ్డీతో సహా తీరుస్తుంది.

శీతాకాలం చివర్లో వస్తే ఇంకో విషయం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. అటవీశాఖ వాళ్లు ఆ గుడ్లని కంచె వేసిన చోట పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. రాత్రిపూట తాబేలు కనిపిస్తే ఫ్లాష్ కొట్టొద్దు, చుట్టూ మూగొద్దు. మీ చిప్స్ ప్యాకెట్లు మీ బ్యాగ్‌లోనే వెనక్కి రావాలి.

గ్రూప్‌లో పిన్ చేసుకోండి

మా తమ్ముడికి పంపింది ఇదే. కాపీ చేసుకోండి:

1. సూర్యోదయం టైమ్, ఇన్‌కాయిస్ హెచ్చరికలు ముందురోజు రాత్రి చూడాలి. హెచ్చరిక ఉంటే నీళ్లు క్యాన్సిల్, ట్రిప్ కాదు.
2. ఆర్కేలో ఇసుక వరకే. నీళ్లయితే రుషికొండలో, లైఫ్‌గార్డు ఎదురుగా, నడుం లోతు దాటకుండా.
3. ఒకేసారి ముగ్గురు నీళ్లలో, ముగ్గురు ఒడ్డున. ఒడ్డున ఉన్నవాళ్ల పని వీడియో తీయడం కాదు, చూడటం.
4. ఈత రానివాళ్ల పేర్లు అందరికీ తెలిసి ఉండాలి. సిగ్గేం లేదు.
5. నీళ్ల టైమ్ ఒక్క గంట. అలారం మోగితే అందరూ బయటికి.
6. "వద్దు" అని ఒక్కరన్నా చాలు, చర్చ లేదు.

ఆరో పాయింట్ దగ్గర వాడు అడిగాడు, "వద్దన్నవాడిని మిగతావాళ్లు భయస్తుడంటారేమో అక్కా?" అంటారు. ఓ వారం అంటారు. వాడితోనే వచ్చేసారి మళ్లీ బీచ్‌కొస్తారు.