ఆపరేషన్ అయినా కాకపోయినా మోకాలికి వ్యాయామమే ఆధారం

మోకాలి లిగమెంటు తెగిందని డాక్టరుగారు చెప్పగానే మేము వార్డులో రెండు రకాల మాటలు వింటుంటాము. "సిస్టరుగారూ, అప్పు చేసైనా రేపే ఆపరేషన్ చేయించేస్తామండీ" అని ఇంటివారు అంటారు. "కత్తి పెట్టించొద్దు, నూనె రాసి కట్టు కడితే అదే అతుక్కుంటుంది" అని చూడవచ్చిన బంధువులు అంటారు. ఈ రెండు మాటల మధ్య అసలు సంగతి మరుగున పడిపోతున్నదని మా అభిప్రాయం.

లిగమెంట్లు అంటే ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీల వంటివి. మోకాలికి ముఖ్యమైనవి నాలుగు: పక్కల రెండు, కీలు లోపల రెండు. ఇవి ఎక్స్‌రేలో కనబడవు. కనుక "ఎముక విరగలేదు కదా" అని ఊరుకోకూడదు. కబడ్డీ ఆడుతూనో, బండి మీద నుంచి పడో కాలు మెలిపడి, 'టప్' మని శబ్దం వచ్చి, కొద్ది గంటల్లోనే మోకాలు వాచితే వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆ వాపు మీద నూనెతో మర్దనా చేయవద్దు.

లోపలి పక్కనున్న లిగమెంటు చాలామందికి బ్రేస్‌తో, వ్యాయామంతోనే మానుతుంది. కీలు లోపలి ముందు లిగమెంటు పూర్తిగా తెగితే అంత సులువుగా అతుక్కోదు. అయినా అందరికీ ఆపరేషన్ అక్కరలేదు. స్వీడన్‌లో 121 మంది యువతీయువకులపై జరిగిన పరిశోధన 2010లో వెలువడింది. అందులో వ్యాయామంతో మొదలుపెట్టిన 59 మందిలో 36 మంది రెండేళ్లయినా లిగమెంటు ఆపరేషన్ చేయించుకోలేదు. రెండేళ్ల తరువాత ఉభయ వర్గాల వారి మోకాళ్లూ ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. అయితే దెబ్బ తగిలి చాలా కాలమైనా నడకలో మోకాలు జారిపోతూనే ఉంటే ఆపరేషనే మేలని 2022లో బ్రిటన్‌లో వెలువడిన పరిశోధన చెప్పింది. ఏది తగునో డాక్టరుగారితో కూర్చుని నిర్ణయించుకోవాలి.

ఏది నిర్ణయించినా వ్యాయామం తప్పదు. కాలు చాపుకొని, తొడ కండరాన్ని బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం మొదటి పాఠం. ప్రేమకొద్దీ మోకాలి కింద దిండు పెడుతుంటారు. అలా ఉంచితే కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. దిండు మడమ కింద పెట్టండి. ఆపరేషన్ అయినవారికి మూడు నెలలకు నొప్పి పోతుంది. దాంతో రావడం మానేస్తారు. కానీ లోపల వేసిన కొత్త లిగమెంటుకు అప్పటికి పూర్తి బలం రాదు. తొమ్మిది నెలలు నిండి, బలం పరీక్షించాకే మళ్లీ ఆటకు దిగాలి. పిక్క నొప్పి, వాపు, జ్వరం, ఆయాసం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

మరొక్క మాట. ఇంట్లో మగవారికి దెబ్బ తగిలితే ఎవరో ఒకరు పక్కన కూర్చుని వ్యాయామం చేయిస్తారు. అదే ఇల్లాలికి తగిలితే మూడో వారానికే నీళ్ల బిందె మోస్తుంటుంది. ఆమె మోకాలు కూడా మోకాలే కదా! ఆపరేషన్‌కు డబ్బు కూడబెట్టే కుటుంబాలు ఫిజియోథెరపీకి వచ్చే బస్సు ఛార్జీలూ, ఆమె కోసం రోజుకు అరగంట తీరికా ముందే పక్కన పెట్టాలని మా విన్నపం.