నియంత్రణ రేఖను సరిహద్దు అనకండి

జమ్మూ కశ్మీర్‌లో కాల్పులు జరిగినప్పుడల్లా మన పత్రికల్లో, టీవీల్లో ‘సరిహద్దులో కాల్పులు’ అన్న శీర్షిక కనిపిస్తుంది. రాసేవారికి దురుద్దేశం ఉండదు. చోటు తక్కువ, మాట చిన్నది, పాఠకుడికి ఇట్టే అర్థమవుతుంది. కానీ ఉరీలోనో పూంఛ్‌లోనో ఉన్నది సరిహద్దు కాదు, నియంత్రణ రేఖ. దాన్ని సరిహద్దు అంటే ఆవలి నేల పాకిస్తాన్‌దేనని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టు. 1994 ఫిబ్రవరి 22న పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం చెప్పింది అందుకు పూర్తిగా విరుద్ధం. ఆక్రమించిన ప్రాంతాలను పాకిస్తాన్ ఖాళీ చేయాలన్నది ఆ తీర్మానం.

సైనిక అకాడమీలో మాకు మ్యాప్ చదవడం నేర్పినప్పుడు పాఠం గుర్తుల పట్టికతోనే మొదలైంది. గీత తెగకుండా ఉందా, ముక్కలుగా ఉందా, మధ్యలో చుక్కలున్నాయా అన్నది తేల్చుకోకుండా అడుగు వేయకూడదు. పౌర జీవితంలో ఆ పట్టికను ఎవరూ చూడరు. చిక్కంతా అక్కడే వస్తోంది.

పాకిస్తాన్, చైనాల వైపు మనకున్నది ఒకే రకం గీత కాదు, నాలుగు రకాలు. గుజరాత్ నుంచి జమ్మూ దాకా ఉన్నది అంతర్జాతీయ సరిహద్దు. అఖ్నూర్ ప్రాంతం నుంచి ఎన్‌జే 9842 అనే బిందువు దాకా దాదాపు 740 కి.మీ. నియంత్రణ రేఖ. 1949లో గీసిన కాల్పుల విరమణ రేఖ స్థానంలో 1972 సిమ్లా ఒప్పందంతో ఇది వచ్చింది. అక్కడి నుంచి సియాచిన్ పక్కనున్న సాల్టోరో శ్రేణి మీదుగా దాదాపు 110 కి.మీ. మేర ఉన్నది, సేనలు నిలిచిన చోట్లను కలిపే రేఖ. సైన్యం దీన్ని ఏజీపీఎల్ అంటుంది. చైనా వైపు వాస్తవాధీన రేఖ. అది ఎక్కడెక్కడ వెళ్తుందో రెండు దేశాలూ ఒక్క మ్యాప్ మీద ఇంతవరకు ఒప్పుకోలేదు.

పాకిస్తాన్ ఈ తేడాలను ఏమరదు. జమ్మూ, సియాల్‌కోట్‌ల మధ్య మనం అంతర్జాతీయ సరిహద్దు అనే గీతను వారు ‘వర్కింగ్ బౌండరీ’ అంటారు. జమ్మూ కూడా వివాదంలోనే ఉందని చెప్పడానికి వారికి ఆ ఒక్క మాట చాలు.

ఉద్దేశం లేని గీత ఎంత దూరం పోతుందో సియాచిన్ చెబుతుంది. 1949 కరాచీ ఒప్పందంలో, ఎవరూ నివసించని మంచే కదా అని రేఖను ఎన్‌జే 9842 దగ్గర ఆపేశారు. ఆపైన ‘అక్కడి నుంచి ఉత్తరంగా హిమానీనదాలకు’ అని రాసి వదిలేశారు. 1960ల చివరి నుంచి అమెరికా ప్రభుత్వ మ్యాపుల్లో ఆ బిందువు నుంచి ఈశాన్యంగా కారకోరం కనుమ దాకా ఒక గీత కనిపించసాగింది. ఏ ఒప్పందంలోనూ లేని గీత అది. ఇతర ప్రచురణకర్తలూ దాన్నే నకలు చేశారు. 1970ల్లో పాకిస్తాన్ ఆ మంచుకొండలకు విదేశీ పర్వతారోహకులను పంపింది. 1978లో కర్నల్ నరేంద్ర కుమార్ బృందం అక్కడికి వెళ్లి పరిస్థితి చూసింది. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ మొదలైంది. ఇదంతా ఒక్క గీత వల్లే జరిగిందని నేననను. కానీ పాకిస్తాన్ వాదనకు అది అరువు సాక్ష్యమైంది. నాలుగు దశాబ్దాలు దాటినా మన జవాన్లు ఆ ఎత్తుల నుంచి దిగిరాలేదు.

సియాచిన్ చర్చలు ముందుకు సాగకపోవడానికి ప్రధాన కారణం కూడా మ్యాపే. ఉపసంహరణకు ముందు ఇప్పుడున్న స్థానాలను మ్యాప్‌పై గుర్తించి ఇరుపక్షాలూ ధ్రువీకరించాలని మనం అడుగుతున్నాం. పాకిస్తాన్ అందుకు సిద్ధంగా లేదు. ఈ విషయంలో మన సైన్యం పట్టుదల న్యాయమైనదేనని నా అభిప్రాయం. కాగితం మీద లేని స్థానాన్ని ఖాళీ చేస్తే, రేపు అక్కడ మనం ఉన్నామని చెప్పడానికి ఆధారం ఏది?

ఒక శీర్షికతో భూమి చేతులు మారుతుందా, ఇది చాదస్తం కాదా అని అడిగేవారున్నారు. మారదు, నిజమే. తప్పుగా వేసిన ప్రతి మ్యాప్ వెనుకా కుట్ర వెతకడం కూడా సరికాదు. వాతావరణ వార్తలో బొమ్మ తప్పితే సరిదిద్దమని చెప్పాలి, దేశద్రోహమని ముద్ర వేయకూడదు. అయితే 2012లో చైనా తన పాస్‌పోర్టుల్లో అరుణాచల్‌ను తనదిగా ముద్రించినా, 2017 నుంచి అక్కడి ఊళ్లకు, కొండలకు తన పేర్లు ప్రకటిస్తున్నా, అది పొరపాటు కాదు. దానికి గట్టిగా జవాబు చెప్పాలంటే ముందు మన మాట మనకు తిన్నగా ఉండాలి. మన హోంశాఖ లెక్కల్లో అఫ్గానిస్తాన్‌తో మనకు 106 కి.మీ. సరిహద్దు ఉంది. నియంత్రణ రేఖే సరిహద్దయితే ఆ 106 కి.మీ. ఎక్కడున్నట్టు?

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. ప్రతి వార్తా సంస్థ ఈ నాలుగు పేర్లనూ తన ఉపసంపాదకుల బల్ల మీద ఉంచాలి. మ్యాప్ వేసేటప్పుడు సర్వే ఆఫ్ ఇండియా పటాన్నే ఆధారం చేసుకోవాలి. మన పాఠ్యపుస్తకాలు హైస్కూలులోనే ఈ తేడా నేర్పాలి. విదేశీ ప్రచురణల్లో తప్పు కనిపించిన వెంటనే విదేశాంగ శాఖ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. తప్పు గీత పడిన రోజు కంటే, దాన్ని చూసి ఊరుకున్న ఏళ్లే మనకు ఎక్కువ నష్టం చేస్తాయి.