ముందు గాలి, ఆ తర్వాతే కరెంటు

మోటార్‌హోమ్ ఉన్న ఇళ్ళలో చేతిలో నాలుగు డబ్బులు చేరగానే మొదలయ్యే మాట ఒకటే. "లిథియం బ్యాటరీలు వేయిద్దాం, పైన సోలార్ పెట్టిద్దాం, పెద్ద ఇన్వర్టర్ కొందాం." మా ఇంట్లో కూడా ఈ చలికాలమంతా ఇదే చర్చ. మావారిదీ, మా అబ్బాయిదీ ఒక పార్టీ. నాది వేరే పార్టీ. బండి పెద్దదై, దానికి గాలి బ్రేకులుంటే మొదటి డాలరు గాలికే ఖర్చు పెట్టాలన్నది నా మాట. కరెంటు సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు. ఎందుకంటున్నానో చెప్తాను, విని మీరే ఏ పార్టీయో తేల్చుకోండి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మేముండేది టెక్సాస్‌లో. మా బండి పాతదే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. చూడ్డానికి మన ఆర్టీసీ బస్సంత ఉంటుంది. ఇంజను వెనకాల ఉంటుంది కాబట్టి డీజిల్ పుషర్ అంటారు. లోపల మంచాలు, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉంటాయి. నీళ్ళు, సామాన్లు, మనుషులు అంతా కలిపితే 13 టన్నుల పైమాటే. అంత బరువును ఆపేది కారులోలాగా నూనె బ్రేకులు కాదు, గాలి బ్రేకులు. చిన్న మోటార్‌హోమ్‌లకు మామూలు బ్రేకులే ఉంటాయి కాబట్టి వాళ్ళకు నా వాదన సగమే పనికొస్తుంది.

ఈ గాలి కథ నేను నేర్చుకున్నంతవరకు ఇదీ. ఇంజను తిరుగుతున్నంతసేపు కంప్రెసర్ గాలిని నొక్కి పంపుతుంది. ఆ గాలి డ్రయ్యర్‌లో తేమ వదిలించుకుని టాంకుల్లోకి చేరుతుంది. 120, 130 పీఎస్ఐ దగ్గరికి రాగానే గవర్నర్ అనే చిన్న పరికరం ఇక చాలని ఆపుతుంది. బ్రేకులకూ, బండిని మోసే గాలి తిత్తులకూ, హారన్‌కూ అన్నిటికీ ఆ టాంకుల్లోని గాలే.

నన్ను ఆశ్చర్యపరిచింది పార్కింగ్ బ్రేకు. అక్కడ గాలి బ్రేకు వేయదు, తీస్తుంది! బలమైన స్ప్రింగు బ్రేకును ఎప్పుడూ బిగించడానికే చూస్తుంటుంది. గాలి దాన్ని వెనక్కి నెట్టి పట్టుకుంటేనే చక్రం కదులుతుంది. గాలి తగ్గి 60 పీఎస్ఐ చుట్టుపక్కలకు వస్తే బజర్ మోగుతుంది. అప్పుడూ ఆపకుండా ఇంకా పోనిస్తే, 45కీ 20కీ మధ్యలో ఎక్కడో స్ప్రింగే బ్రేకు వేసేస్తుంది. అది ప్రాణం కాపాడే ఏర్పాటే, కాదనను. కానీ కొండ దిగుతూ ఉండగా, వెనకే లారీ వస్తూ ఉండగా, 13 టన్నుల బండి మన మాట వినకుండా బిగుసుకుపోవడం ఎవరికీ రాకూడదు.

మా బండిలో రాత్రి నిండుగా ఉన్న గాలి పొద్దున్నకి సున్నాకి వచ్చేది. అడిగితే అందరూ "పాత బండ్లకది మామూలేనండీ" అన్నారు. రాత్రంతా మెల్లగా దిగడం చాలా బండ్లలో ఉన్న మాట నిజమే. కానీ ఎంత దిగితే మామూలు అన్నదానికి ఇక్కడ లారీ డ్రైవర్ల పరీక్షకు ఒక లెక్క ఉంది. చదునైన చోట చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, టాంకులు నింపి, ఇంజను ఆపి, పార్కింగ్ బ్రేకు తీయాలి. నిమిషంలో 2 పీఎస్ఐ కన్నా ఎక్కువ పోకూడదు. తర్వాత కాలితో బ్రేకు గట్టిగా తొక్కి, సూది మొదట కాస్త పడి నిలిచాక ఇంకో నిమిషం చూడాలి. అప్పుడు 3 దాటకూడదు. మావారు తొక్కి పట్టుకున్నారు, నేను ఫోన్‌లో నిమిషం పెట్టి సూది చూశాను. 6 పోయింది. మళ్ళీ చేశాం, మళ్ళీ 6. ఇది రాత్రి మెల్లగా దిగే గాలి కాదు, బ్రేకు తొక్కినప్పుడల్లా పోయే గాలి. వేసవిలో మేం కొలరాడో వెళ్ళాలనుకుంటున్నాం. దారిలో ఐ-25 మీద రాటన్ పాస్ ఎక్కి దిగాలి, 7,800 అడుగులకు పైనే. అక్కడ ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతామో లెక్క పెట్టగలమా?

మావారి వాదన కూడా తీసిపారేసేది కాదు. మా అత్తగారు మాతో వస్తారు, ఆవిడకి రాత్రి శ్వాసకి సీపాప్ మెషిన్ కావాలి. అడవి పక్కన కరెంటు లేని చోట బండి ఆపితే మెషిన్ నడిచేది బ్యాటరీ మీదే. "అమ్మ ఊపిరి కంటే నీకు గాలి టాంకులు ఎక్కువా?" అన్నారు ఒకరోజు. మాట నొచ్చినా, ప్రశ్న న్యాయమైనదే. అందుకే కాగితం తీసుకుని కూర్చున్నాను.

అన్నం కుక్కర్ 500 వాట్లు, అరగంట నడిస్తే 250 వాట్ అవర్లు. చిన్న మిక్సీ 550 వాట్లు, పచ్చడికీ పొడికీ కలిపి 6 నిమిషాలు, 55. సీపాప్ తేమ పెట్టకుండా అయితే 40 వాట్ల చొప్పున 8 గంటలు, 320. లైట్లు, ఫ్యాన్లు, నీళ్ళ పంపు, ఫోన్లు అన్నీ కలిపి 400 వేశాను. మా స్టవ్, ఫ్రిజ్ రెండూ గ్యాస్ మీదే. మొత్తం 1,025. మామూలు సీసం బ్యాటరీలు 12 వోల్టులవి 200 ఆంపియర్ అవర్లకు ఉంటే 2,400 వాట్ అవర్లు. వాటిని సగం కన్నా కిందికి దించితే తొందరగా పాడవుతాయి కాబట్టి వాడుకోగలిగేది 1,200. అంటే బ్యాటరీలు మంచిగా ఉంటే ఒక రాత్రికి చాలు. పొద్దున బయల్దేరితే ఇంజను మళ్ళీ నింపుతుంది.

మరి కొటేషన్‌లో 600 ఆంపియర్ అవర్ల లిథియం ఎందుకుంది? ఏసీ కోసం. పైకప్పు ఏసీ గంటకు 1,500 దాకా తాగుతుంది, 5 గంటలకే 7,500. ఆ డబ్బులో పెద్ద భాగం అత్తగారి మెషిన్‌కి కాదు, ఏసీకి. ఎండాకాలం ఏసీ కావాలంటే 50 ఆంపియర్ల కనెక్షన్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో దిగుతాం, ఇన్నాళ్ళూ అలాగే దిగాం. ఈ లెక్క చూపించాక మావారు కాసేపు ఏమీ అనలేదు. అబ్బాయి మాత్రం "అమ్మా, నువ్వు మిక్సీని కూడా లెక్క వేశావా!" అన్నాడు. మరి ఎవరు వేస్తారు?

నాకు చిరాకు తెప్పించేది ఇదే. బ్యాటరీలు పెట్టే షాపులో ప్రతి ప్రశ్నా మావారినే అడిగారు. నన్ను అడిగింది ఒక్కటే, సోఫా బట్ట కూడా మార్పిస్తారా అని. రోజుకి ఏది ఎంతసేపు నడుస్తుందో, ఏది ఆపితే ఇల్లు ఆగదో తెలిసింది వంటింట్లో ఉన్న మనిషికి. గ్యాస్ బండ ఎన్ని రోజులొస్తుందో చేత్తో ఊపి చెప్పగలిగినవాళ్ళకి వాట్ అవర్లు ఒక లెక్కా?

లిథియం వద్దని నేననను. తేలిక, ఎక్కువ ఏళ్ళొస్తాయి, చివరిదాకా వాడుకోవచ్చు. కానీ అక్కడ కూడా ముందు చూడాల్సింది కంటికి కనపడని పనే. 12 వోల్టుల మీద 1,200 వాట్లు లాగితే తీగలో 100 ఆంపియర్ల పైన పారుతుంది. తీగ సన్నమైతే వేడెక్కుతుంది. బ్యాటరీ దగ్గరే సరైన ఫ్యూజ్ ఉండాలి. లిథియం ఇంజను ఆల్టర్నేటర్ నుంచి కరెంటును విపరీతంగా లాగేసి దాన్ని కాల్చేయకుండా మధ్యలో డీసీ నుంచి డీసీ చార్జర్ కావాలి. సున్నా డిగ్రీల కన్నా కింద వాటిని చార్జ్ చేయకూడదు. ఇవన్నీ తగ్గించి బ్యాటరీలు పెంచిన కొటేషన్ చవకైంది కాదు.

చివరికి మా ఇంట్లో తేలింది ఇదీ. సబ్బు నీళ్ళు కొట్టి చూస్తే, మన ఊళ్ళో సిలిండర్ మార్చినప్పుడు రెగ్యులేటర్ దగ్గర చూసినట్టే, మూడు చోట్ల బుడగలొచ్చాయి. బ్రేకు గొట్టాల పని మాత్రం ఇంట్లో ముట్టుకోనివ్వలేదు, బస్సులూ లారీలూ చేసే మెకానిక్‌కి ఇచ్చాం. పగిలిన రబ్బరు గొట్టాలు, ఒక బ్రేకు వాల్వు, ఒక గాలి తిత్తి మార్చారు. డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ మార్చారు. దాన్ని రెండు మూడేళ్ళకోసారి మార్చాలట, లేకపోతే తేమ టాంకుల్లో చేరి చలిలో గడ్డకట్టి వాల్వుల్ని పట్టేస్తుంది. తిత్తులకూ, హారన్‌కూ వెళ్ళే లైన్‌లో లీకైనా బ్రేకుల గాలి పోకుండా అడ్డుకునే వాల్వు సరిగా పని చేస్తోందో లేదో చూశారు. మిగిలిన డబ్బుతో రెండు కొత్త సీసం బ్యాటరీలు, ఒక చిన్న కరెంటు కంప్రెసర్ తీసుకున్నాం. క్యాంప్‌గ్రౌండ్‌లో ప్లగ్ పెడితే పొద్దున్నకి గాలి నిండి ఉంటుంది. పక్కవాళ్ళు నిద్రపోతుంటే ఇంజను పెట్టి పొగ వదలాల్సిన పని లేదు.

పని అయ్యాక మళ్ళీ నిమిషం పెట్టి చూశాం. బ్రేకు తొక్కి పట్టుకుంటే సూది 1 పోయింది. లిథియం వచ్చే ఏడాది, సగం సైజులో. అది కూడా నా కాగితం చూశాకే.

మీ ఇంట్లో కూడా గాలి బ్రేకుల బండి ఉంటే ఏ కొటేషన్ మీదా సంతకం పెట్టకముందు ఒక ఆదివారం ఇద్దరూ కలిసి ఆ పరీక్ష చేయండి. ఒకరు బ్రేకు తొక్కండి, ఒకరు సూది చూడండి. సూది చూసేది మీరైతే మంచిది.